నాచారం నుంచి ఒడిబియ్యం

బయలుదేరే ముందు

ఉప్పల్, నాచారం వెళ్ళొచ్చానంటే దాన్ని యాత్ర అనడానికి మా వీధిలో ఎవరికీ నోరు రాదు. కాశీ వెళ్ళొస్తే కాళ్ళు కడుగుతారు. ఉప్పల్ అంటే మాత్రం, "క్రికెట్టు చూడ్డానికా అక్కా?" అని మా టిఫిన్ సెంటర్లో ఇడ్లీ తినేవాళ్ళందరూ వేళాకోళం చేశారు. నేనూ నవ్వాను. తెనాలి దగ్గర ఒక బస్టాండు పక్కన ఇరవై ఏళ్ళుగా పిండి రుబ్బుకుంటున్న మనిషిని, వారం రోజులు వరసగా పొయ్యి వదిలి ఎక్కడికీ వెళ్ళి ఎరగను. ఈసారి పొయ్యి మా ఆయనకి అప్పగించి, నాలుగు చీరలూ ఒక సీసాడు గోంగూర పచ్చడీ సర్దుకుని రైలెక్కాను. నా కిడ్నీల్లో ఒకటి తమ్ముడికిచ్చి, రెండోదానితో ఇంటికి రావాలని నా ఆలోచన. ఆపరేషన్ వెంటనే చెయ్యరని, ముందు పరీక్షలుంటాయని తెలుసు. అయినా మనసులో మాత్రం ఇచ్చేసే బయలుదేరాను.

మా శీను నాకంటే ఆరేళ్ళు చిన్న. చదువు మధ్యలో వదిలేసి నాచారంలో ప్లాస్టిక్ డబ్బాలు చేసే ఫ్యాక్టరీలో చేరాడు. అక్కడే ప్యాకింగ్‌లో పనిచేసే జనగామ వైపు అమ్మాయి యాదమ్మని ఇష్టపడి చేసుకుని, అక్కడే ఉండిపోయాడు. వాళ్ళకి పిల్లల్లేరు. అమ్మా నాన్నా పోయాక నాకు పుట్టిల్లంటే నాచారంలో వాళ్ళ రెండు గదులే. మూడేళ్ళ క్రితం శీను కాళ్ళు వాస్తున్నాయని వెళ్ళి చూపించుకుంటే, రెండు కిడ్నీలూ అప్పటికే పాడైపోయాయన్నారు. యాదమ్మ తనది ఇస్తానంది గానీ రక్తం కలవలేదు. నేను ఫోన్ చేసి, "నా గ్రూపు ఎవరికైనా సరిపోతుందిటరా, వస్తున్నా," అన్నాను. వాడు ఫోన్ పెట్టేశాడు.

మా ఇళ్ళలో ఆడపిల్లకి పెట్టడమే గానీ ఆడపిల్ల దగ్గర పుచ్చుకోవడం ఉండదు. ఇది ఎవరు పెట్టిన పద్ధతో తెలియదు, ఎవరూ తప్పరు. నేను వాడింటికి వెళ్తే చీర పెట్టకుండా వెనక్కి పంపడు. నేను దారిలో ఓ కిలో వంకాయలు కొనుక్కెళ్తే మొగుడూ పెళ్ళాలిద్దరూ మొహం చిన్నబుచ్చుకుంటారు. అలాంటివాడు నా కిడ్నీ పుచ్చుకుంటాడా? రెండేళ్ళకు పైగా నేను అడుగుతూనే ఉన్నాను. వాడు, "ఆడపడుచు సొమ్ము ముట్టుకుంటే ఇల్లు నిలవదక్కా," అని తప్పించుకుంటూనే ఉన్నాడు. చివరికి మొన్న ఎండాకాలంలో యాదమ్మ వాడికి తెలియకుండా ఫోన్ చేసింది.

"వదినా, డయాలసిస్ సూదులు గుచ్చి గుచ్చి రెండు చేతులల్ల నరాలు ఖరాబైనయి. ఇగ మెడకాడ పైపు పెట్టిన్రు. గది ఎక్కువ దినాలు నడువదంట. ఆయిన వద్దన్నా సరే, నువ్వు రా."

నాచారం

హబ్సిగూడలో మెట్రో దిగి ఆటో ఎక్కేసరికి నెత్తి మాడిపోతోంది. మా వైపు ఎండకి ఒళ్ళంతా తడిసిపోతుంది. అక్కడ చెమట పట్టినట్టే తెలియదు, నాలిక మాత్రం పిడచగట్టుకుపోతుంది. ఫ్యాక్టరీల వైపు నుంచి గాలి తిరిగినప్పుడల్లా మసాలా వేయించిన వాసనా, దాని వెనకే రంగుల వాసనా వచ్చాయి. శీను వాళ్ళ వీధిలో చర్చీ, ఎల్లమ్మ గుడీ ఎదురెదురుగా ఉన్నాయి. ఒక మైకు ఆగాకే రెండోది మొదలవుతుంది. మా ఊళ్ళో రెండు గుళ్ళ మధ్య కూడా ఇంత మర్యాద లేదు.

శీను గుమ్మంలో నిలబడి ఉన్నాడు. ఒళ్ళు నల్లబడింది, మొహం ఉబ్బింది. మెడ కింద తెల్లటి కట్టు, అందులోంచి రెండు గొట్టాల కొసలు వేలాడుతున్నాయి.

"ఏందక్కా, గీ ఎండల వొచ్చినవ్? ఫోన్ జేస్తె నేను స్టేషన్‌కు రాకపోదునా?" అన్నాడు.

వాడి నోట్లోంచి తెనాలి ఎప్పుడో దిగిపోయింది. "'గీ ఎండల' ఏమిట్రా? అమ్మ వింటే నిన్ను గుర్తుపట్టేది కాదు," అన్నాను. ఆ మాటకి వాడు నవ్వాడు. నాకు మాత్రం, నిజంగానే అమ్మ ఇప్పుడు వీణ్ణి చూస్తే గుర్తుపట్టదనిపించింది.

సంచిలోంచి గోంగూర సీసా తీయగానే యాదమ్మ దాన్ని లాక్కుని, వాడు చూడకముందే బియ్యం డబ్బా వెనక్కి నెట్టేసింది. వంటింట్లోకి పిలిచి గుసగుసగా చెప్పింది. "ఉప్పు జహర్ వదినా ఆయినకు. ఆకుకూరలు, పండ్లు గూడ అంతే. అండ్ల ఉండేదేదో నెత్తుట్ల పెరిగితె గుండె ఆగుతదంట. కూరగాయ గూడ ఉడకబెట్టి, నీళ్ళు పారబోసి, మల్ల ఉడకబెట్టి పెడుతున్న."

నేను వంట అమ్ముకుని బతికే మనిషిని. రెండుసార్లు ఉడికిన సొరకాయ ముక్క నోట్లో వేసుకుంటే కాగితం నమిలినట్టుంది. వాడు రోజూ అదే తింటున్నాడు. నాకూ యాదమ్మకీ వేరేగా జొన్నరొట్టె, ఎర్రగా టమాటా తొక్కు పచ్చడి. ఆ రొట్టె చేసే చెయ్యి చూస్తే నా దోసె పెనం సిగ్గుపడాలి. కానీ ఎదురుగా వాడు ఆ సొరకాయ తింటుంటే నాకు ముద్ద దిగలేదు.

తిండి ఒక ఎత్తు, నీళ్ళు ఒక ఎత్తు. పొద్దున్నే యాదమ్మ ఒక సీసాలో నీళ్ళు పోసి వాడి మంచం దగ్గర పెడుతుంది. టీ అయినా మజ్జిగైనా మందు మింగడానికైనా ఆ కొలతలోంచే తగ్గించుకోవాలి. ఒంట్లోంచి నీళ్ళు బయటికి పోయే దారి లేదు కనక, తాగినదంతా ఊపిరితిత్తుల్లో చేరుతుందట. ఆ ఎండల్లో వాడు సీసా ఎత్తి, మూత తీసి, నాలిక తడుపుకుని, మళ్ళీ మూత పెట్టేవాడు. వీధిలో చలివేంద్రం ముందు నుంచి నడవాల్సి వస్తే అటు చూడకుండా నడిచేవాడు.

ఆ సాయంత్రమే ఫ్యాక్టరీ వాళ్ళు ముగ్గురు పరామర్శకి వచ్చారు. ఒంట్లో బాగాలేని మనిషిని చూడ్డానికి ఖాళీ చేతులతో రాకూడదు కదా, గెల గెలంతా కొబ్బరిబోండాలు తెచ్చారు. కాయ ఒక్కటీ అరవై రూపాయలట, మా కాయల్లో సగం కూడా లేదు. ఒకతను అప్పటికప్పుడు కత్తితో చెక్కి, "తాగు శీనన్నా, సల్లగుంటది," అని వాడి నోటి దగ్గర పెట్టాడు. కొబ్బరినీళ్ళంత ప్రమాదం వాడికి ఇంకోటి లేదు. వద్దంటే ఇంటికొచ్చినవాళ్ళు చిన్నబోతారని యాదమ్మ నా వైపు చూసింది. నేనే అందుకుని, "ముందు ఆడపడుచుకి పెట్టకుండా వాడెలా తాగుతాడయ్యా," అని గటగటా తాగేశాను. రెండోది కూడా తాగాను. వాళ్ళు వెళ్ళాక శీను పొట్ట పట్టుకుని నవ్వాడు. ఆ వారంలో వాడు అలా నవ్వింది ఆ ఒక్కసారే.

ఉప్పల్

మేం ముగ్గురం వెళ్ళిన డయాలసిస్ సెంటర్ ఉప్పల్‌లో ఒక బిల్డింగు పై అంతస్తులో ఉంది. కింద టిఫిన్ బండి మీద ఇడ్లీ తిన్నాను. ఇడ్లీ గట్టిగా ఉంది, పల్లీ చట్నీ మాత్రం నేను కూడా చెయ్యలేనంత బాగుంది. శీను నన్ను చూస్తూ నిలబడ్డాడు.

పైన హాల్లో వరసగా మంచాలు, మంచం మంచానికీ ఒక మిషను. బయట రోడ్డు కరుగుతుంటే లోపల అందరూ ముసుగు దుప్పట్లు కప్పుకుని పడుకున్నారు. రక్తం ఒంట్లోంచి బయటికి వెళ్ళి తిరిగొస్తుంటే లోపల్నుంచి చలి పుడుతుందట. శీను మెడ దగ్గర గొట్టాలు మిషనుకి తగిలించారు. ఆ ఎర్రటి గొట్టంలో పారేది మా నాన్న రక్తమూ, మా అమ్మ రక్తమూ అనిపించి, నేను కాసేపు గోడకేసి చూశాను. గోడ మీద ఏం తినాలి, ఏం తినకూడదు, పైపు దగ్గర ఎలా శుభ్రం చేసుకోవాలి అని పెద్దక్షరాలతో రాసిపెట్టారు. చలిజ్వరం వస్తే క్షణం ఆలస్యం చెయ్యొద్దని ఎర్రగా రాశారు.

పక్క మంచం మీది ఆయన నన్ను చూసి, "కొత్తగొచ్చిన్రా అమ్మా?" అన్నాడు. పేరు మల్లేశం, మేడిపల్లిలో ఉంటాడు, ఒకప్పుడు ఆటో నడిపేవాడు. శీను అక్కనని చెప్పాను.

"మంచిగైంది. గవర్నమెంటు కార్డు మీద మిషన్ ఫ్రీ ఇస్తున్నరమ్మా, అబద్ధమెందుకు చెప్పాలె. గీ మిషన్ లేకుంటె ఎప్పుడో పోదుము," అన్నాడు. తరవాత పైకప్పుకేసి చూస్తూ, "నా ఆటో పొగ ఎట్లొస్తుందని ఏటేటా చూసిన్రు, సర్టిఫికెట్ ఇచ్చిన్రు. నా మూత్రం మాత్రం ఒక్కసారి గూడ ఎవ్వరు చూడలే. బీపీ ఉందని నాకే తెల్వదు. తెలిసేటాలకు గీడికొచ్చిన," అన్నాడు.

నవ్వొచ్చే మాటే. కానీ నాకు ఒళ్ళు మండిపోయింది. మా శీను మిషన్ల వేడిలో నిలబడి, నడుంనొప్పికి మందుల షాపు బిళ్ళలు మింగుతూ అన్నేళ్ళు పనిచేశాడు. ఫ్యాక్టరీలో డబ్బాకి సన్నటి బీట పడితే పట్టుకునేవాళ్ళున్నారు. మనిషిని ఏడాదికొకసారి ఒక సీసాలో మూత్రం పోసిమ్మని అడిగినవాడు లేడు. చిన్న పరీక్ష, గంట పని. మిషను దాకా వచ్చాక ఇచ్చే దయలో పదో వంతు ముందే ఇచ్చి ఉంటే ఆ హాల్లో సగం మంచాలు ఖాళీగా ఉండేవి.

వాడి మంచం అంచున కూర్చున్నాను. "ఇప్పుడు ఫోన్ పెట్టేసి పారిపోలేవురా, కట్టేశారు నిన్ను. రేపట్నుంచి నాకు పరీక్షలు," అన్నాను.

"వద్దక్కా. నీ దగ్గర తీసుకునుడు నాతోటి గాదు."

"నేను పుట్టింటికి రావాలా, వద్దా?"

"గదేం మాట? ఎందుకు రావు?"

"నువ్వు పోతే నాకు పుట్టిల్లేదిరా? నాకు చీర పెట్టేదెవరు? నీకివ్వడం కాదిది. నా పుట్టిల్లు నేను నిలబెట్టుకుంటున్నాను. నా సొమ్ము నా కోసమే ఖర్చుపెట్టుకుంటాను, నువ్వెవడివి వద్దనడానికి?"

వాడి కళ్ళ చివర్ల నుంచి నీళ్ళు చెవుల్లోకి కారాయి. నీళ్ళు లెక్కపెట్టుకునే మనిషికి అవెక్కణ్ణుంచి వచ్చాయో. దుప్పటి అంచుతో తుడుచుకుని, "అయితె సరే," అన్నాడు. పక్క మంచం మీంచి మల్లేశం దుప్పట్లోంచి చెయ్యి బయటికి తీసి బొటనవేలు పైకెత్తి చూపించాడు.

ఇంటికి వెళ్తుంటే ఆటోలో శీను గొంతు మారిపోయింది. "అక్కా, ఆపరేషనయినంక ఫస్టు ఏం జేస్త ఎర్కెనా? చెంబు నిండ నీళ్ళు దాగుత. ఆపకుంట. గంతే," అన్నాడు. యాదమ్మ చెంగు నోట్లో కుక్కుకుంది.

డబ్బాతో తిరుగుళ్ళు

పెద్దాసుపత్రి పరీక్షల గురించి వివరంగా రాస్తే మీరు నా వ్యాసం మూసేస్తారు. రక్తం తీసిన చోటే మళ్ళీ తీశారు. తియ్యటి నీళ్ళు తాగించి కూర్చోబెట్టి, మళ్ళీ తీశారు. ఒక గదిలో ఒక అమ్మాయి నన్ను ఒంటరిగా కూర్చోబెట్టి, ఎవరైనా బలవంతం పెట్టారా, డబ్బు ఆశ చూపించారా అని అడిగింది. "బలవంతం నేనే పెట్టానమ్మా, వాడి మీద," అన్నాను. ఆ పిల్ల నవ్వింది. కిడ్నీ ఎంత ఉంటుందో తెలుసా అని పిడికిలి బిగించి చూపించింది. అంతేనా అనుకున్నాను. మా వారి సంతకం కూడా కావాలనీ, తరవాత పిలిపిస్తామనీ చెప్పింది.

అన్నిటికంటే గొప్ప పరీక్ష ఒక రోజంతా మూత్రం డబ్బాలో పట్టి తెచ్చివ్వడం. ఆ డబ్బాని ఎవరికీ కనపడకుండా యాదమ్మ ఒక స్వీట్ల షాపు సంచిలో పెట్టింది. ఆటో అతను సంచి చూసి, "ఏం మిఠాయమ్మా? ఏమన్న ఖుషి ముచ్చటనా?" అన్నాడు. "ఆ, మా తమ్ముడికి," అన్నాను. అతను ఒక గుంత ఎగిరించాడు. నేను సంచిని చంటిపిల్లలా ఒళ్ళో పట్టుకున్నాను. యాదమ్మా నేనూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేక ఆసుపత్రి దాకా నవ్వుతూనే ఉన్నాం. ఇప్పుడు ఆ నవ్వు తలుచుకుంటే నా మీద నాకే జాలేస్తుంది.

ఆ మధ్యలో శీనుకి మళ్ళీ డయాలసిస్ రోజొచ్చింది. మల్లేశం మంచం మీద వేరే ఆయన పడుకుని ఉన్నాడు. అడిగితే, "అడ్మిట్ అయిండు, సీరియస్ అంట," అన్నారు. శీను అటు తిరగకుండా పడుకున్నాడు.

డాక్టరు గది

డాక్టరమ్మ చిన్న వయసుది. నన్నూ యాదమ్మనీ కూర్చోబెట్టి, మంచినీళ్ళు తెప్పించింది. నీళ్ళు తెప్పించినప్పుడే నాకు అనుమానం రావాల్సింది.

"అమ్మా, మీకు షుగరుంది. ఇంతకు ముందు తెలుసా?"

"లేదే. నాకు ఏ బాధా లేదు. రెండేళ్ళ క్రితం మా బస్టాండులో క్యాంపు పెట్టి వేలు గుచ్చి చూశారు, మూత్రం కూడా చూశారు. ఏమీ లేదన్నారు."

"ఇప్పుడుంది. మూత్రంలో ప్రొటీను కూడా పోతోంది. అంటే మీ కిడ్నీల మీద దాని ప్రభావం మొదలైంది. మిమ్మల్ని దాతగా తీసుకోవడానికి వీల్లేదు."

నాకు ముందు అర్థం కాలేదు. "మందులు వాడి తగ్గించుకుని వస్తాను. ఎన్నాళ్ళు వాడాలో చెప్పండి," అన్నాను.

"తగ్గినా తీసుకోకూడదమ్మా. అది నియమం. ఒకటి తీసేశాక ఉన్న ఒక్కటీ షుగరు వల్ల పాడైతే, రేపు మీరూ ఆ మంచం మీదికే వస్తారు."

"నా కిడ్నీ. నేనే ఇస్తానంటున్నాను. వస్తే నేనే కదా ఆ మంచం మీదికొచ్చేది?"

"మీ ఇష్టం ఒక్కటే సరిపోదు. మిమ్మల్ని కాపాడ్డానికే ఆ నియమం పెట్టారు."

"నన్ను కాపాడమని ఎవరడిగారు తల్లీ?" అన్నాను. గది బయట కూర్చున్నవాళ్ళు తిరిగి చూసేంత గట్టిగా అన్నాను.

ఆ పిల్ల నా మీద విసుక్కోలేదు. నీళ్ళ గ్లాసు నా ముందుకి జరిపింది. నియమం మంచిదే. ఎవరి కోసమో ఎవర్నో బలవంతంగా కోయకుండా, నాలాంటి మొండిమనుషులు తమ ఒంటికి తామే చేటు చేసుకోకుండా తెలిసినవాళ్ళు ఆలోచించి పెట్టిందే. ఇంకొక ఇంట్లో ఇంకొక ఆడదాన్ని అది కాపాడి ఉంటుంది. ఇంటికొచ్చాక ఇంత నెమ్మదిగా రాయగలుగుతున్నాను గానీ, ఆ గదిలో ఆ నియమం ఎదురుగా మనిషై నిలబడితే జుట్టు పట్టుకునేదాన్ని.

"రెండేళ్ళ క్రితం వచ్చి ఉంటే?" అని అడిగాను.

డాక్టరమ్మ కాగితాలు సర్దింది. "అప్పటి సంగతి ఇప్పుడు చెప్పలేనమ్మా," అంది. ఆమె చెప్పక్కర్లేదు. చనిపోయినవారి కిడ్నీ కోసం శీను పేరు నమోదై ఉందనీ, పిలుపు రావచ్చనీ చెప్పింది. ఎప్పుడొస్తుందని మేము అడగలేదు. నా షుగరుకి మందులు రాసిచ్చింది.

బయటికొచ్చి మెట్ల మీద కూలబడ్డాం. యాదమ్మ ఒక్కసారి గుండెల మీద కొట్టుకుంది.

"రెండేండ్లు మొత్తుకున్న వదినా! కాళ్ళు వట్టుకున్న. ఆడిబిడ్డ, ఆడిబిడ్డ అనుకుంట కూసున్నడు. పెట్టాలెగని తీస్కోవద్దంట! ఎవరు జూసొచ్చిన్రు గది? ఏ దేవుడు జెప్పిండు?"

ఆ పద్ధతి నేనూ చిన్నప్పట్నుంచీ మోసిందే. వాడు నాకు పెట్టిన చీరలన్నీ మురిసిపోతూ కట్టుకున్నదాన్నే. మెట్ల మీద జనం మమ్మల్ని తప్పించుకుని ఎక్కుతున్నారు, దిగుతున్నారు. అంత పెద్ద ఊళ్ళో ఇద్దరాడవాళ్ళు ఏడుస్తుంటే ఎవరూ ఆగి అడగలేదు. ఆసుపత్రి మెట్లు కదా, అలవాటై ఉంటుంది.

వాడడిగిన ప్రశ్న

ఇంట్లో శీను చాప మీద కూర్చుని ఉన్నాడు. మా మొహాలు చూడగానే వాడికి తెలిసిపోయింది. నేనే చెప్పాను, షుగరుందనీ, వద్దన్నారనీ.

వాడు ముందు నా గురించే కంగారు పడ్డాడు. "నీకు షుగరా? మందులు రాసిచ్చిన్రా? మంచిగ ఏస్కో అక్కా, నాలెక్క జెయ్యకు," అన్నాడు. ఆ తరవాత సీసా మూత తీశాడు, తాగకుండా పెట్టేశాడు. నేలకేసి చూస్తూ అడిగాడు.

"నేను అప్పుడే ఒప్పుకుంటే అయితుండెనా అక్కా?"

యాదమ్మ వంటింటి గుమ్మంలో ఆగిపోయింది. నేను ఆమె వైపు చూడలేదు.

"లేదురా. ఈ షుగరు ఎప్పట్నుంచో ఉందిట నాకు. అప్పుడొచ్చినా ఇదే మాట అనేవాళ్ళు."

వాడు చాలా పెద్ద ఊపిరి వదిలాడు. "అయితె మంచిదే," అన్నాడు.

ఇడ్లీ పిండిలో నిన్నటిది కలిపి కూడా తాజాదేనని అమ్మడం చేతకాని మనిషిని నేను. అబద్ధం చెప్తే మొహంలో కనపడిపోతుందని మా ఆయన నవ్వుతాడు. ఆ రోజు ఏమీ కనపడలేదు. వాడి కోసం నేనంత దూరం వెళ్ళి ఇవ్వగలిగింది అదే. ఇప్పుడిది అచ్చులో రాయడానికి నాకు అడ్డేమీ లేదు. ఎందుకో చివర్లో చెప్తాను.

ఒడి

తిరిగొచ్చే రోజు పొద్దున్నే లేచేసరికి యాదమ్మ చాప మీద బియ్యం పోసి పసుపు కలుపుతోంది. ఒడిబియ్యం. తెలంగాణలో ఆడపిల్లకి పుట్టింటివాళ్ళు కొన్నేళ్ళకొకసారి ఒడిలో బియ్యం పోసి పంపాలి. మా వైపు చీర పెట్టి, పసుపు కుంకుమ ఇచ్చి ఊరుకుంటాం. వాళ్ళకి మాత్రం ఇది పెద్ద పండగ. శీను పెళ్ళయ్యాక యాదమ్మ నాకూ అలవాటు చేసింది.

"ఇప్పుడు ఒడిబియ్యమేమిటి యాదమ్మా? నాకేం బాగుంటుంది చెప్పు. ఇవ్వడానికొచ్చి ఇవ్వలేకపోయాను. పైగా తీసుకుపొమ్మంటావా?" అన్నాను.

ఆమె బియ్యం కలపడం ఆపలేదు. వాడికి వినపడకుండా అంది. "ఇద్దరముంటెనే పొయ్యాలె వదినా. ఆలుమగలిద్దరు గలిసి పొయ్యాలె. మల్లెప్పుడు పోస్త నేను?"

వెళ్ళి స్నానం చేసి, వాళ్ళు పెట్టిన ఆకుపచ్చ చీర కట్టుకుని పీట మీద కూర్చున్నాను.

పక్కింటావిడా, ఎదురింటావిడా వచ్చారు. చర్చికి వెళ్ళే ఎదురింటావిడ బొట్టు పెట్టుకోదు గానీ, గుమ్మంలో నిలబడి చూస్తూ కళ్ళు తుడుచుకుంది. నా ఒళ్ళో కొత్త రవిక గుడ్డ పరిచి, ఎండుకొబ్బరి కుడుకలూ, పోకలూ, ఖర్జూరాలూ, పసుపు కొమ్ములూ పెట్టారు. శీను, యాదమ్మ కలిసి దోసిళ్ళతో బియ్యం పోశారు. వాడి రెండు చేతుల మీదా పనిచెయ్యని నరాలు ఉబ్బెత్తుగా, గట్టిగా కనపడుతున్నాయి. దోసిలి సందుల్లోంచి కొన్ని గింజలు నేల మీద పడ్డాయి. వాటిని కూడా ఏరి నా ఒళ్ళో వేశాడు.

"సల్లగుండు అక్కా," అన్నాడు. వాడు నన్ను దీవించాడు.

ఆ పద్ధతిలో చివర ఇంకొకటుంది. ఒడి నిండాక ఆడపిల్ల అందులోంచి ఐదు పిడికిళ్ళు తీసి పుట్టింటివాళ్ళకి తిరిగివ్వాలి. పుట్టిల్లు కూడా నిండుగా ఉండాలని. ఇన్నేళ్ళూ అది ఏదో ముచ్చటలే అనుకుని గబగబా తీసి ఇచ్చేదాన్ని. ఆ రోజు ఒక్కొక్క పిడికిలీ ఎంత బిగించి తీశానంటే, బియ్యపు గింజలు అరచేతిలో గుచ్చుకున్నాయి. శీను తువ్వాలు పట్టాడు. ఐదూ పోశాను. తరవాత గడపకి పసుపు రాసి, కుంకుమ పెట్టి, వెనక్కి తిరిగి చూడకుండా ఆటో ఎక్కాను. చూస్తే వెళ్ళలేనని తెలుసు.

ఇంటికొచ్చాక

ఒడిబియ్యాన్ని ఇంట్లో వండి నలుగురినీ పిలిచి పెట్టాలి. వచ్చే శుక్రవారం వండుదామని డబ్బాలో పోసి ఉంచాను. టిఫిన్ సెంటర్లో మళ్ళీ పొయ్యి ముందు నిలబడ్డాను. ఉప్పల్ ఎలా ఉందని అడిగినవాళ్ళకి పల్లీ చట్నీ గురించి చెప్పాను.

శుక్రవారం రాకముందే యాదమ్మ ఫోన్ చేసింది. శీనుకి చలిజ్వరం వచ్చిందట. గోడ మీద రాసినట్టే ఆలస్యం చెయ్యకుండా తీసుకెళ్ళిందట. పైపు దగ్గర మొదలైన విషం రక్తంలోకి పాకిందట. తీసుకెళ్ళాల్సినట్టే తీసుకెళ్ళింది, వాళ్ళు చూడాల్సినట్టే చూశారు. వాడు ఉండలేదు. ఇక ఇది అచ్చులో చదివి నా అబద్ధం పట్టుకోవడానికి వాడు లేడు.

మళ్ళీ అదే రైలు, అదే హబ్సిగూడ, అదే మసాలా వాసన. ఆ ప్రయాణం గురించి రాయను. పదకొండో రోజు అయ్యాక, అందరూ వెళ్ళిపోయాక, యాదమ్మ గోడకి ఆనుకుని కూర్చుని నాతో ఒక మాట చెప్పింది.

"నువ్వు ఒడిలకెల్లి తీసిచ్చిన బియ్యం లేవా వదినా, ఐదు పిడికిళ్ళు? గవి నేను దేవుని కాడ పెడుతుంటే ఆయిన పెట్టనియ్యలే. 'అక్క నాకిచ్చింది, నాకే వండి పెట్టు' అన్నడు. గా దినమే వండిన. నాకు గూడ ఒక్క మెతుకు పెట్టలే. మొత్తం ఆయినే తిన్నడు."